ప్రభుత్వ టెండర్లు – ఫిర్యాదులు, తీర్పులు

కర్నూలుకు ఎగువన, తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట వద్ద బయలుదేరి, నంద్యాల చేల మీదుగా కడప వరకు సాగే కాలువను మన విద్యార్థులలో చూడనివారు అరుదు. దానిని కె.సి. కెనాల్ అంటాము. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఆంగ్లేయుల సంస్థ ఆ పని ప్రారంభించింది. సుమారు 190 మైళ్ళ కాలువ 1870 ప్రాంతానికి పూర్తయింది. ఈ పనికి ఎవరూ టెండర్లు పిలువలేదు. కంపెనీ పెట్టే 10 లక్షల పౌన్ల పెట్టుబడిపై సాలుకు 5 శాతం వడ్డీ ముట్టగలదని లండనులోని ప్రభువులు హామీ ఇచ్చారు. లాభం వచ్చినా రాకున్నా ఆ వడ్డీ ఖజానా నుండి వెళ్ళవలసినదే. అనుకున్నదానికంటె ఖర్చు పెరిగింది. నల్లరేగడి రైతులు డబ్బు కట్టి నీరు పెట్టుకొనడానికి ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే దాదాపు 3 కోట్ల రూపాయలు చెల్లించి కాలువను స్వాధీనం చేసికొన్నది.

ఈ పని ఈ కంపెనీకే ఎందుకు ఇచ్చారు, ఈ షరతులపైననే ఎందుకు ఇచ్చారు అని ఆనాడు అడుగదలచిన వానికి అడిగే చోటు లేదు. నేడు ఆ చోటు ఉన్నది. అది ఎక్కడ ఉన్నది, అక్కడ ఏమి దొరుకుతుంది, ఏమి దొరకదు అనేదే ఈ వ్యాస విషయం. మన కళాశాలలో చదివి వెళ్ళిన వారిలో కొందరు ఇంజనీరింగు శాఖలలో గుమాస్తాలు, కొందరు చిన్న కాంట్రాక్టర్లు, మరికొందరు న్యాయవాదులు. టెండరు తగవు ఈ మూడు వర్గాల వారికీ ఏదో ఒకనాడు ఎదురుపడక తప్పదు గనుక మేము ఈ విషయాన్ని ఎన్నుకొన్నాము.

ముందుగా మాటల ముచ్చట ఒకటి. టెండరు అనే మాట ఇంగ్లీషుదే అయినా, దాని చుట్టూ తిరిగే తెలుగు మాటలలో అధికభాగం అరబ్బీ, పారశీ భాషల నుండి ఉర్దూ ద్వారా మన కచేరీలకు వచ్చినవే. షెడ్యూలును 'దాఖలు' చేస్తాము. 'షరతు'లు చదువుతాము. టెండరు 'ఖరారు' అవుతుంది, పని 'మంజూరు' అవుతుంది. తప్పు జరిగితే ధరావతు 'జప్తు' అవుతుంది. అన్యాయమని తోచినవాడు 'ఫిర్యాదు' చేస్తాడు. ఆ ఫిర్యాదు నిలిస్తే ఖరారు 'రద్దు' అవుతుంది. ఈ మాటలు మన ఉర్దూ విభాగం విద్యార్థులకు ఎంత సొంతమో, తెలుగు విభాగం వారికీ అంతే సొంతం.

ఇక విషయానికి వద్దాము. ప్రభుత్వానికి వ్యాపారం చేసికొనే అధికారం, ఒడంబడికలు చేసికొనే అధికారం రాజ్యాంగం 298వ అధికరణం వలన కలిగింది. ఆ ఒడంబడిక ఏ రూపంలో ఉండవలెనో 299వ అధికరణం చెబుతుంది. కాని తగవులన్నీ వచ్చి చేరేది సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణం దగ్గరకే. సొంత ఇంటికి మేస్త్రీని పెట్టుకొనే గృహస్థు తన ఇష్టం వచ్చినవానిని పెట్టుకొనవచ్చును. ప్రభుత్వం అట్లు చేయజాలదు. ఏలయనగా అది ఖర్చుపెట్టే రూపాయి ప్రజలది.

అయితే ఇక్కడనే చాలామంది పొరబడుతున్నారు. టెండరు ప్రకటన ఒక ఆహ్వానం మాత్రమే. కాంట్రాక్టరు వేసే షెడ్యూలు అతని ప్రతిపాదన. దానిని అధికారి అంగీకరించినప్పుడే ఒడంబడిక పుట్టుతుంది. కనుక అందరికంటె తక్కువ ధర వేసినవానికి కూడ పని తనకే రావలెననే హక్కు లేదు. అందరితో సమానంగా, ప్రకటించిన షరతుల ప్రకారం తన టెండరును పరిశీలింపజేసికొనే హక్కు మాత్రమే ఉన్నది. ఆ హక్కుకు భంగం కలిగినప్పుడే ఫిర్యాదుకు బలం.

భంగం ఎక్కడ కలుగుతుంది? సాధారణంగా టెండరులో రెండు కవర్లు ఉంటాయి. మొదటిది అర్హతలకు సంబంధించినది, రెండవది ధరకు సంబంధించినది. మొదటి కవరులో నెగ్గినవాని ధరనే తెరిచి చూస్తారు. కాగితపు టెండర్ల కాలంలో మన ప్రాంతంలో తగవు కవరు దాకా రాకముందే, పెట్టె దగ్గరనే మొదలయ్యేది. ప్రత్యర్థిని కార్యాలయపు మెట్లు ఎక్కనీయకుండా చేయడం, అందరూ రింగు కట్టి ఒక్కరిచేతనే షెడ్యూలు వేయించడం వంటివి సీమలో పెద్దలకు తెలియని కథలు కావు. 2003లో రాష్ట్రంలో ఇ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చిన పిమ్మట పెట్టె దగ్గర కాపలా పెట్టుకొనే పని లేకపోయింది. అదే సంవత్సరం జూలై 1వ తేదీ నాటి జి.ఓ. 94 అంచనా విలువపై 5 శాతం మించిన ఎక్సెస్‌ను అంగీకరింపరాదని నిర్ణయించింది. దానితో తగవు పెట్టె దగ్గర నుండి అర్హతల కవరులోనికి మారింది.

ఆ కవరులో ముఖ్యమైన లెక్క ఒకటి ఉన్నది. కాంట్రాక్టర్లు దానిని 'రెండు ఎ-ఎన్ మైనస్ బి' అంటారు. కాంట్రాక్టరు గత అయిదేండ్లలో ఏ ఒక్క సంవత్సరంలోనైనా చేసిన పనుల గరిష్ఠ విలువను నేటి ధరలకు సవరిస్తే వచ్చేది 'ఎ'. కొత్త పనికి పట్టే సంవత్సరాల సంఖ్య 'ఎన్'. ఆ గడువులో అతడు పూర్తిచేయవలసి ఉన్న పాత పనుల విలువ 'బి'. ఎ-ను ఎన్-తో హెచ్చించి, రెండింతలు చేసి, బి-ని తీసివేస్తే మిగిలేదే అతడు తలకెత్తుకొనగలిగే పని పరిమాణం. ఒక ఉదాహరణ చూతము. అంచనా 8 కోట్లు, గడువు ఏడాదిన్నర. కాంట్రాక్టరు గరిష్ఠంగా ఏటా 4 కోట్ల పని చేసినవాడు. చేతిలో 5 కోట్ల పాత పని ఉన్నది. 4-ను ఒకటిన్నరతో హెచ్చిస్తే 6, రెండింతలు 12, అందులో 5 తీసివేస్తే 7 కోట్లు. 8 కోట్ల పనికి అతడు అనర్హుడు. కాని అతడే చేతిలోని పనిని 5 కోట్లకు బదులు 3 కోట్లని చూపితే? మిగులు 9 కోట్లు. అర్హుడైపోయాడు. రెండు కోట్ల పాత పనిని చెప్పకుండా దాచినందుకు ఫలితం తారుమారైనది. అందువలన ప్రత్యర్థుల ఫిర్యాదులలో ఈ 'బి' తరచుగా కనిపిస్తుంది. ఇటువంటి ఫిర్యాదుకు వాగ్ధాటి అక్కరలేదు. ఏ డివిజనులో, ఏ ఒడంబడిక కింద ఎంత పని మిగిలి ఉన్నదో చూపే కాగితం కావలెను.

ఇప్పుడు న్యాయస్థానాల సంగతి. ఈ రంగంలో తొలి గొప్ప తీర్పు 1979 మే 4న సుప్రీంకోర్టు ఇచ్చిన రమణ దయారాం శెట్టి కేసులోనిది. దాని వృత్తాంతం కొంచెం వివరంగా చెప్పదగినది. 1977 జనవరిలో బొంబాయి విమానాశ్రయంలో ఒక రెండవ తరగతి రెస్టారెంటును, రెండు స్నాక్ బార్లను నడపడానికి టెండర్లు పిలిచారు. కనీసం అయిదేండ్ల అనుభవం గల రిజిస్టర్డు రెండవ తరగతి హోటల్ నిర్వాహకులే రావలెనని షరతు. నెలకు 6,666 రూపాయల 66 పైసలు ఇస్తానన్నవాని టెండరు అన్నిటికంటె లాభసాటిగా కనిపించింది. కాని అతనికి కాంటీనులు నడిపిన అనుభవమే తప్ప హోటల్ అనుభవం లేదు. విమానాశ్రయ సంస్థ అతనికే ఇచ్చింది. దానిపై వేరొకరు కోర్టుకు వెళ్ళారు.

జస్టిస్ భగవతి గారు తీర్పులో చెప్పినదాని సారమిది: ప్రభుత్వ సంస్థ తాను ఒక కొలబద్దను ప్రకటించిన తరువాత దానికి తానే కట్టుబడవలెను. కాంటీను అనుభవం చాలునని ముందే ప్రకటించి ఉంటే, ఆ షరతును చూచి ఆగిపోయిన ఎందరో టెండరు వేసి ఉండేవారు. వారికి ఆ అవకాశం లేకుండా ఒక్కనికి సడలింపు ఇవ్వడం సమానత్వ భంగం. ఇంతవరకు వాది వాదమే నెగ్గింది. అయినా కోర్టు ఆ టెండరును రద్దు చేయలేదు! టెండరు ఖరారైన అయిదు నెలలకు పైగా గడిచిన తరువాత వాది హైకోర్టు తలుపు తట్టాడు. ఈలోగా టెండరు పొందినవాడు సుమారు 1,25,000 రూపాయలు ఖర్చుపెట్టుకొన్నాడు. పైగా వాది స్వయంగా టెండరు వేసినవాడు కాడు. అతని వెనుక మరొకరి ప్రయోజనం ఉన్నదని కోర్టు భావించింది. అనగా సిద్ధాంతం గెలిచింది, వాది ఓడిపోయాడు. ఈ కేసు గొప్ప సూత్రానికి పేరుపడ్డదేగాని, మా దృష్టిలో కాంట్రాక్టరు నేర్చుకొనవలసినది అందులోని ఆలస్యపు కథను.

షరతులన్నీ ఒకే బరువు గలవి కావని తరువాతి తీర్పులు చెప్పాయి. 1991లో పొద్దార్ స్టీల్ కేసులో ధరావతును నగదుగా గాని, స్టేట్ బ్యాంకు డ్రాఫ్టుగా గాని కట్టవలెనని నిబంధన ఉండగా, ఒకరు యూనియన్ బ్యాంకు చెక్కు జతచేశారు. డబ్బుకు భద్రత ఉన్నప్పుడు ఈ చిన్న తేడాను అధికారి మన్నించవచ్చునని కోర్టు అన్నది. దీనికి ఎదురుగా 2001 నాటి పటేల్ ఇంజనీరింగ్ కేసును నిలుపవచ్చును. పశ్చిమ బెంగాలులోని పురూలియా జలవిద్యుత్ పథకానికి వేసిన టెండరులో యూనిట్ ధరలు పలుచోట్ల తారుమారైనాయి. అది కంప్యూటరు పొరపాటని, సరిదిద్దుకొననీయవలెనని కంపెనీ కోరింది. కోర్టు ఒప్పుకొనలేదు. ధర అనేది టెండరుకు ప్రాణం. దానిని తెరిచిన తరువాత ముట్టుకొననిస్తే మిగిలినవారికి అన్యాయమవుతుంది. చెక్కు ఏ బ్యాంకుదనేది చిన్న విషయం, ధర ఎంతనేది అసలు విషయం. ఈ రెంటికి నడుమ గల తేడాలోనే సగం కేసులు ఉన్నాయి.

1994లో టాటా సెల్యులార్ కేసు వచ్చేసరికి కోర్టు ధోరణి కొంత మారింది. నాలుగు మహానగరాలలో మొబైల్ టెలిఫోన్ లైసెన్సులను గురించిన ఆ వివాదంలో, తాము అప్పీలు అధికారులము కామని, నిర్ణయం సరియైనదా కాదా అనిగాక నిర్ణయం చేసిన తీరు సరియైనదా కాదా అని మాత్రమే చూస్తామని సుప్రీంకోర్టు ప్రకటించింది. హైదరాబాదుకు చెందిన ఐ.వి.ఆర్. కన్‌స్ట్రక్షన్స్ వాదిగా ఉండిన రౌనక్ ఇంటర్నేషనల్ కేసులో మరొక సంగతి తేలింది. తనకే అర్హత లేనివాడు ఎదుటివాని అనర్హతను ఎత్తిచూపడం చెల్లదు. 2007 నాటి సంపుటాలలో ప్రచురితమైన జగదీశ్ మండల్ తీర్పు ఈ చర్చనంతటినీ రెండు ప్రశ్నలకు కుదించింది. నిర్ణయం దురుద్దేశంతోనో, పక్షపాతంతోనో, ఏ వివేకవంతుడూ చేయనంత అసంబద్ధంగానో జరిగినదా? దానివలన ప్రజాప్రయోజనానికి భంగం కలిగినదా? ఈ రెంటికీ కాదన్నదే సమాధానమైతే కోర్టు చేయి చేసికొనదు.

ఇంత సంకోచమెందుకని విద్యార్థి అడుగవచ్చును. జవాబు మన జిల్లాలలోనే ఉన్నది. సీమలో కాలువ పనికి గాని, చెరువు పనికి గాని రెండు వానాకాలాల నడుమ దొరికే వ్యవధియే అసలైన పనికాలం. టెండరుపై స్టే వచ్చి ఆ వ్యవధి పోయినదంటే పని ఏడాది వెనుకబడుతుంది. ధరలు పెరుగుతాయి, అంచనాలు తిరిగి వ్రాయవలసి వస్తుంది, చివరి ఆయకట్టు రైతు ఇంకొక పంట ఎండబెట్టుకొంటాడు. స్టే పొందిన కాంట్రాక్టరు ఓడిపోయినా అతనికి పోయేది వకీలు ఫీజు మాత్రమే. రైతుకు పోయినదానిని లెక్కించేవారు లేరు. 2018లో నిర్దిష్ట పరిష్కారాల చట్టానికి సవరణ తెచ్చి, మౌలిక సౌకర్యాల పనులు ఆలస్యమయ్యే విధంగా ఇంజంక్షన్లు ఇవ్వరాదని పార్లమెంటు శాసించినది అందుకే. 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు దీనిని ఆధారం చేసికొని, తప్పు జరిగినదని తోచినా పనిని ఆపుటకంటె నష్టపరిహారం వైపు చూచుట మేలని హైకోర్టులకు సూచించింది.

ఈ వాదంలో బలమున్నది. కాని దీని మాటున నిర్లక్ష్యం కూడ పెరుగగలదని మా అనుమానం. కోర్టు ఎట్లాగూ ఆపదని తెలిసిన అధికారికి తిరస్కరణకు కారణం వ్రాయవలెననే భయం తగ్గుతుంది. పరిహారం కావలెనన్న కాంట్రాక్టరు ఏండ్ల తరబడి తిరుగవలె. పెద్ద కంపెనీ తిరుగగలదు. ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో రెండు మిక్సర్లు, ఒక ట్రాక్టరు పెట్టుకొని బ్రతికే చిన్న కాంట్రాక్టరు తిరుగగలడా? 2024 జూలైలో సుప్రీంకోర్టు కలకత్తా అండర్‌పాస్‌ల నిర్వహణకు సంబంధించిన ఒక కేసులో, ఖరారైన టెండరును సరియైన కారణం లేకుండా రద్దు చేయడం చెల్లదని కొట్టివేయడం ఈ విషయంలో కొంత ఊరట కలిగించింది.

చిన్నవానికి ఇంకొక చిక్కు దూరం. హైకోర్టు 2019 జనవరి 1 నుండి అమరావతిలో ఉన్నది. కర్నూలు నుండి మూడువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక రాజధానిలోనో, హైకోర్టులోనో ఒకటి సీమకు రావలెనన్నది. 1953 నుండి 1956 వరకు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. దీనిని చాలామంది ప్రాంతాభిమానపు ప్రశ్నగానే చూస్తారు. రిట్టు వేయడానికి రోజులు లెక్కపెట్టుకొనే టెండరుదారుకు మాత్రం అది రాత్రి బస్సు ప్రయాణపు ప్రశ్న.

కోర్టుకు పోకముందే తగవు తీరే దారులు లేవా? ఉన్నాయి, కాని రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. తమిళనాడులో 1998 నాటి టెండర్ల పారదర్శకతా చట్టం ప్రకారం టెండరు ఖరారుపై 10 దినాలలో ప్రభుత్వానికి అప్పీలు చేసికొనవచ్చును. కర్ణాటకలో 1999 నాటి చట్టం క్రింద అప్పీలుకు 30 దినాల గడువున్నది. మంత్రాలయం దాటి తుంగభద్ర ఆవలి ఒడ్డుకు పోతే చాలు, ఆ చట్టం వర్తిస్తుంది. కేంద్రంలో ఇటువంటి చట్టానికై 2012లో ప్రవేశపెట్టిన బిల్లు 2014లో లోక్‌సభ గడువుతోపాటే ముగిసిపోయింది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు మాత్రం షరతులను, ప్రక్రియను, తిరస్కరణను ప్రశ్నించే అవకాశం టెండరుదారుకు ఉండవలెనని చెబుతున్నాయి.

మన రాష్ట్రం 2019లో వేరొక ప్రయోగం చేసింది. 100 కోట్లు, అంతకు మించిన పనుల టెండరు పత్రాలను ప్రకటనకు ముందే ఒక న్యాయమూర్తి పరిశీలించవలెనని చట్టం వచ్చింది. ఆ పత్రాలను వారం దినాలు ప్రజల ముందుంచి, అభ్యంతరాలు విని, మొత్తం 15 దినాలలో ముగించవలె. దానితోపాటే, వచ్చిన కనిష్ఠ ధరను మరల పోటీకి పెట్టే రివర్స్ టెండరింగు కూడ వచ్చింది. ఆ ఏడే పోలవరం జలవిద్యుత్ కేంద్రపు పనిని తమనుండి తొలగించి తిరిగి టెండరు పిలవడాన్ని నవయుగ సంస్థ సవాలు చేయగా, ఆగస్టు 22న హైకోర్టు స్టే ఇచ్చి, అక్టోబరు 31న దానిని ఎత్తివేసింది. 2024లో ప్రభుత్వం మారిన పిమ్మట ఈ రెండు పద్ధతులకూ స్వస్తి చెప్పారు. రివర్స్ టెండరింగు మంచిచెడ్డలు వాదించేవారు చాలామంది ఉన్నారు. మా మట్టుకు, ఆ ప్రయోగంలో మిగుల్చుకొనదగినది ముందస్తు పరిశీలన. షరతు ఒక్కనికోసమే కుట్టిన చొక్కా వలె ఉన్నదని పని మొదలు కాకముందే చెప్పగలిగితే స్టేల అవసరమే తగ్గును గదా!

విదేశాలలో ఈ విషయమై అమెరికావారి పద్ధతి గమనింపదగినది. అక్కడ ఓడిన టెండరుదారు కోర్టుకు పోకుండానే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు అనే తనిఖీ సంస్థ ముందు ఫిర్యాదు చేయవచ్చును. కారణం తెలిసిన 10 దినాలలోపుననే చేయవలె. 1984 నాటి చట్టం ప్రకారం సకాలంలో ఫిర్యాదు వస్తే పని సాధారణంగా ఆగుతుంది, 100 దినాలలో నిర్ణయం వెలువడవలె. వారి ఆలోచన సులభగ్రాహ్యం: ఫిర్యాదికీ గడువు, న్యాయనిర్ణేతకూ గడువు. ప్రపంచబ్యాంకు 2016 నాటి తన నియమాలలో విజేత పేరు తెలిపిన పిమ్మట ఒడంబడికపై సంతకం చేయడానికి ముందు 10 పనిదినాలు ఆగవలెనని పెట్టింది. ఓడినవాడు తన ఓటమికి కారణం అడిగి తెలుసుకొనడానికే ఆ విరామం.

ఇట్టి ఏర్పాటు లేని చోట చిన్న టెండరుదారు చేసికొనగలిగినది కొంత ఉన్నది. షరతు అన్యాయమని తోస్తే షెడ్యూలు వేయకముందే, టెండరుకు ముందు జరిగే సమావేశంలోనో, వ్రాతమూలకంగానో అడుగవలె. షరతును ఒప్పుకొని టెండరు వేసి, ఓడిన తరువాత షరతే తప్పనేవానిని కోర్టులు ఆదరించవు. అర్హతల కవరులో తనను త్రోసిపుచ్చినట్లు తెలిసిన రోజుననే, ధరల కవరు తెరువకముందే, కారణం కోరుతూ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు, పై అధికారికి దరఖాస్తు పెట్టి, అందినట్లు ముద్ర వేయించుకొనవలె. ధర తెరిచిన తరువాత అదే మాట అంటే ఓటమి చూచి అన్నాడంటారు. తులనాత్మక పట్టికను, అర్హతల పరిశీలన నోటును 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద కోరవచ్చును. కాని జవాబుకు 30 దినాల గడువుండగా పని అంతకుముందే మొదలు కావచ్చును. అందుచేత ఆ జవాబు కోసం కూర్చుండక, చేతనున్న కాగితాలతోనే ముందుకు సాగవలసి ఉంటుంది. తన అర్హత పత్రాలు నిర్దోషంగా ఉన్నవో లేవో ఎదుటివానికంటె ముందు తానే సరిచూచుకొనవలె.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. బెంచీలకు, ప్రయోగశాల సామానుకు మనమూ కొటేషన్లు పిలుస్తూనే ఉంటాము. తక్కువ ధర వేసినవానిని కాదని మరొకరికి ఇవ్వవలసిన సందర్భాలు వస్తాయి. సామాను నాణ్యత అందుకు తగిన కారణమే కావచ్చును. ఆ కారణాన్ని తీర్మానాల పుస్తకంలో రెండు పంక్తులలో వ్రాసి, దాని ప్రతిని ఓడినవానికి పంపితే ఖర్చయ్యేది తపాలా బిళ్ళ మాత్రమే.